మూడు వందల సంచి, ముప్ఫై వేల కెమెరా

మా అక్కయ్య కుమారుడు డిగ్రీ ముగించి, ఒక స్టూడియోలో రెండేళ్ళు చేతికింద పనిచేసి, నిరుటి నుండి సొంతంగా కెమెరా పట్టుకున్నాడు. బడుల వార్షికోత్సవాలు, దుకాణాలవారి కొత్త వస్త్రాలు, బేకరీల కేకులు, అమ్మకానికి పెట్టిన ఇళ్ళు - ఇవి అతని పనులు. ఫొటోగ్రఫీ విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయభేదాలు పాఠకులకు తెలిసినవే. ఆ చర్చకు ఇది చోటు కాదు. ఈ నెల మేము చెప్పదలచినది ఆ కెమెరాను మోసే సంచిని గురించి. ఒక సంచికోసం ఇన్ని పుటలా అని కొందరికి అనిపించవచ్చు. నిరుడు మాకూ అలాగే అనిపించింది. అందువల్లనే పొరపాటు చేశాము.

కెమెరా కొత్తది కాదు. ఒకరు వాడి అమ్మినది. రెండు లెన్సులు, ఒక ఫ్లాషు కలిపి 30 వేల రూపాయలు. ఆ సొమ్ము మా అక్కయ్య చేతి గాజులు రెండు అమ్మితే వచ్చింది. బావగారు లేని ఇల్లు, కుట్టు మిషను మీద నడిచే సంసారం. ఆ గాజులు ఆమెకు మా అమ్మగారు పెట్టినవి. కెమెరా ఇంటికి వచ్చిన రోజున అబ్బాయి దానిని తల్లి ఒడిలో పెట్టాడు. ఆమె దానిని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పసిబిడ్డను పట్టుకున్నట్లు పట్టుకున్నది.

తరువాత సంచి మాట వచ్చింది. దుకాణంలో ఒక కంపెనీ సంచి చూశానని, దాని ఖరీదు 3,200 అని అబ్బాయి చెప్పాడు. మేము వెంటనే అడ్డుపడ్డాము. "సంచికి మూడు వేలా? మేము పాతికేళ్ళుగా కితాబులు మోస్తున్న జోలె ఖరీదు ఎంతో తెలుసా?" అన్నాము. దుబారా మీద ఒక చిన్న ప్రసంగం కూడా చేశాము. పెద్దవారి మాటకు ఎదురు చెప్పే అలవాటు అతనికి లేదు. "మీరు చెప్పినట్లే కానివ్వండి మామూజాన్" అన్నాడు. ఆ సాయంత్రమే విజయవాడ బీసెంట్ రోడ్డులో, ఫుట్‌పాత్ మీద పరచిన సంచులలో ముదురు ఆకుపచ్చ కాన్వాస్ సంచి ఒకటి ఎంచి, బేరమాడి, 300కు తీసుకున్నాము. ఆదా అయిన 2,900ను అక్కయ్య చేతిలో పెట్టించి, మంచి పని చేశామన్న తృప్తితో ఇల్లు చేరాము.

ఆరు వారాలు గడిచాయి. ఒక ఉదయం అబ్బాయి బస్టాండులో బస్సు ఎక్కబోతుండగా సంచి భుజం మీది నుండి జారి సిమెంటు గచ్చు మీద పడింది. పట్టీ కొక్కెం విరిగింది. పెద్ద లెన్సు ముందరి అంచు సొట్టపోయింది. దానంతట అదే దృష్టి సరిచేసుకొనే మోటారు ఆగిపోయింది. బాగుచేయించడానికి 4,500 అయింది. ఆ నెల అతని సంపాదనలో అది సగానికి మించిన మొత్తం. ఆ రోజు ఒప్పుకున్న పని వేరొకరికి పోయింది.

ఖర్చు మేము భరిస్తామన్నాము. అక్కయ్య ఒప్పుకోలేదు. "నీవు మంచి కోరే చెప్పావు భయ్యా" అన్నది. నింద పడి ఉంటే కొంత తేలికగా ఉండేది.

ఆ విరిగిన సంచిని మేము ఇంటికి తెచ్చుకున్నాము. మదరసాలో విద్యార్థిచేత అరబీ వాక్యాన్ని పదం పదం విడదీయించి తర్కీబ్ చెప్పించినట్లు, ఆ సంచిని కుట్టు కుట్టుగా విప్పి చూశాము. విరిగిన కొక్కెం పైకి ఇత్తడిలా మెరుస్తున్నది. లోపల మాత్రం బూడిదరంగులో, గరుకుగా, ఇసుక పలుకుల వలె ఉన్నది. జింకు కలిపిన లోహాన్ని అచ్చుపోసి రంగు పూసినది. పట్టీ తగిలించే ఉంగరం, చూడబోతే వంచిన తీగ మాత్రమే. రెండు కొనలు ఎక్కడా అతుకబడలేదు, వాటి మధ్య గోరు దూరేంత సందు ఉన్నది. ఆ ఉంగరాన్ని సంచికి పట్టి ఉంచిన గుడ్డముక్కకు ఒకే వరుస కుట్టు. అడుగున బిళ్ళగా పెట్టినది అట్టముక్క, అది అప్పటికే చెమ్మకు మెత్తబడింది. లోపలి మెత్త వేలి మందమైనా లేని స్పంజి.

గుడ్డకు మాత్రం ఏమీ కాలేదు. కాన్వాస్ ఎక్కడా చిరగలేదు, సాగలేదు. మేము మూడు వందలకు కొన్నందువల్ల సంచి పాడుకాలేదు, కొనేటప్పుడు చూడవలసినవి చూడనందువల్ల పాడయింది. ఖరీదు తక్కువగా ఉన్నదా అని మాత్రమే చూశాము. బరువు ఎక్కడ పడుతుందో చూడలేదు.

రెండవసారి ఆ పొరపాటు జరుగకూడదని ముందు గుడ్డను గురించి తెలుసుకున్నాము. కాన్వాస్ అనేది పోగులు దట్టంగా బిగించి సాదా నేతలో నేసిన ముతక గుడ్డ. పూర్వం ఓడల తెరచాపలకు, గుడారాలకు జనుమువంటి నారతో నేసేవారు. ఆ పేరు కూడా ఆ నార మొక్క లాటిన్ పేరు నుండి వచ్చినదే. ఇప్పుడు ఎక్కువగా నూలుతో నేస్తున్నారు. దాని బరువును కొందరు ఔన్సులలో, కొందరు చదరపు మీటరుకు గ్రాములలో చెబుతారు. చదరపు గజానికి 10 ఔన్సులంటే చదరపు మీటరుకు దాదాపు 340 గ్రాములు. 12 ఔన్సులంటే దాదాపు 400. కెమెరా సంచికి ఈ రెండింటి మధ్యది సరిపోతుంది. అంతకంటే పలుచనిదైతే సంచి రూపు నిలువదు. మరీ మందమైతే ఇంటి కుట్టు మిషను దానిని కుట్టలేదు.

ఫుట్‌పాత్ మీద అమ్మేవానికి ఈ లెక్కలు తెలియకపోవచ్చు. అప్పుడు చేతితోనే పరీక్షించాలి. సంచి మూతను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పోగుల మధ్య వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే నేత వదులు. గుడ్డను గుడ్డతోనే గట్టిగా రుద్దండి. తెల్లటి పొడి రాలితే అది గంజి బలం, ఒక్క తడుపుతో పోతుంది. జేబురుమాలు తడిపి రంగు మీద అదమండి. రుమాలుకు రంగు అంటితే మీ తెల్లని కుర్తాకూ అంటుతుంది. ఇక కొక్కేలు, ఉంగరాల సంగతి. ఒక చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకోండి. అతుక్కుంటే ఉక్కు. తుప్పు పట్టవచ్చు గాని బలమున్నది. అతుక్కోకపోతే ఇత్తడి కావచ్చు, లేదా మాకు దొరికినటువంటి జింకు మిశ్రమమూ కావచ్చు. కనబడని చోట తాళంచెవితో గీకితే లోపల పసుపా, బూడిదా తెలుస్తుంది. అమ్మేవాని అనుమతి అడిగి గీకండి. మేము అడగకుండా గీకి మాట పడ్డాము.

కాన్వాస్ సంచికి, కెమెరాకు చుట్టరికం కలిసిన తీరు కూడా వినదగినదే. ఇంగ్లండులో మార్టిన్ బిల్లింగ్‌హామ్ అనే ఆయన 1973లో చేపలు పట్టేవారికోసం కాన్వాస్ సంచులు కుట్టే పని మొదలుపెట్టారు. 1978 నాటికి ఆయనకు ఒక సంగతి తెలిసింది. న్యూయార్కులో ఆ సంచులను కొంటున్నవారిలో చాలామంది ఫొటోగ్రాఫర్లట, కెమెరాలు మోయడానికే కొంటున్నారట. అప్పటినుండి ఆయన కెమెరా సంచులకే మళ్ళారు. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇన్‌క్వైరర్ పత్రిక ఫొటోగ్రాఫరు జిమ్ డోమ్కీ 1970లలో తన పనికి తగినట్లు ఒక మెత్తని కాన్వాస్ సంచిని రూపొందించుకున్నారు. అది తోటి ఫొటోగ్రాఫర్లకు నచ్చి వ్యాపారమయింది. ఈనాడు ఆ రెండు పేర్ల సంచులూ మనవంటివారికి అందని ధరలలో ఉన్నాయి. అయితే వాటి పుట్టుక చూస్తే, ఒకటి చేపల సంచి, మరొకటి పనివాడు తన అవసరానికి చేసుకున్నది.

డోమ్కీ సంచిలో మాకు పనికివచ్చిన పాఠం ఒకటున్నది. దాని పట్టీని పైనున్న ఉంగరాలకు తగిలించి వదిలిపెట్టరు. అది ఒక పక్క నుండి దిగి, సంచి అడుగు కిందుగా చుట్టి, రెండవ పక్క నుండి పైకి వస్తుంది. బరువంతా పట్టీ మీదనే ఊయలలో ఉన్నట్లు ఉంటుంది. కుట్లు దానిని చోటు తప్పకుండా పట్టి ఉంచితే చాలు. ఇది విన్నవెంటనే అక్కయ్య, "గోధుమ బస్తాను తాడు అడుగునుండి వేసి ఎత్తుతాము గాని, చెవులు పట్టి ఎత్తుతామా?" అన్నది. ఆమె ఐదవ తరగతి వరకే చదువుకున్నది.

రెండవ సంచి కొనడానికి ముందు ఆమె మమ్మల్ని ఆపింది. "కొలత తీయకుండా జాకెట్టు గుడ్డ కూడా కొనరు" అన్నది. నేల మీద పాత వార్తాపత్రిక పరచి, లెన్సు తగిలించిన కెమెరాను, రెండవ లెన్సును, ఫ్లాషును వరుసగా పెట్టించి, పెన్సిలుతో చుట్టూ గీసింది. కెమెరా వెడల్పు 13 సెంటీమీటర్లు, లెన్సుతో కలిపి పొడవు 15. దానిని లెన్సు కిందికి ఉండేలా నిలువుగా దించితే, వేళ్ళు దూర్చి తీయడానికి వీలుగా 15 సెంటీమీటర్ల గది కావాలి. పెద్ద లెన్సుకు 9, ఫ్లాషుకు 8. వీటికి చుట్టూ, మధ్యన ఒక్కొక్క సెంటీమీటరు మెత్త. అన్నీ కలిపితే లోపలి పొడవు 36, వెడల్పు 13, ఎత్తు 22 వచ్చింది. ఆ కాగితాలను కత్తిరించి, మడిచి, అట్టపెట్టెలా నిలబెట్టి చూసింది. ఆ కాగితపు పెట్టెను చంకన పెట్టుకొని మేమూ అబ్బాయీ మళ్ళీ బీసెంట్ రోడ్డుకు వెళ్ళాము. సంచి సంచిలోనూ దానిని దించి చూస్తుంటే అమ్మేవారు నవ్వారు. ఆరవ దుకాణంలో సరిగ్గా పట్టింది. ఖాకీరంగు, గట్టి నేత, వెడల్పైన మూత. 380 రూపాయలు. కెమెరా సంచి అని ఎక్కడా రాసిలేదు. అదీ మంచిదే. రద్దీ బస్సులో లోపలేమున్నదో చాటింపు వేయని సంచి క్షేమం.

ఇక పని అక్కయ్యది. మొదట ఉన్న పట్టీని, ఉంగరాలను, కొక్కేలను పూర్తిగా తీసివేసింది. ఐదు సెంటీమీటర్ల వెడల్పుగల నూలు నవారు మూడు మీటర్లు తెప్పించింది. నైలాను పట్టీ నునుపుగా ఉండి భుజం మీద జారుతుంది, నూలుది కుర్తాను పట్టుకొని ఉంటుంది. దానిని సంచి అడుగునుండి చుట్టి, పక్కల వెంట రెండు వరుసలు కుట్టి, పైఅంచు దగ్గర చతురస్రం వేసి అందులో మూల నుండి మూలకు ఇంటూ గుర్తులా కుట్టింది. కాన్వాస్ కుట్టేటప్పుడు ఇంటి మిషనుకు 18వ నంబరు సూది, గట్టి పాలియెస్టరు దారం వాడాలని, కుట్టు పొడవు పెంచాలని ఆమె చెబుతున్నది. నాలుగు మడతలు కలిసే చోట మోటారు వాడకుండా చక్రాన్ని చేత్తో తిప్పాలి. సూది మొరాయిస్తే కుట్టు దారి వెంట కొవ్వొత్తి రుద్దితే సులువుగా దిగుతుంది. అయినా రెండు చోట్ల ఆమె మిషనుకు లొంగలేదు. వాటిని వీధిమూలన చెప్పులు కుట్టే పెద్దాయన 100 రూపాయలు తీసుకొని మైనపు దారంతో చేతికుట్టు వేసి ఇచ్చాడు. ఆ కుట్టే ఈరోజు సంచిలో అన్నిటికంటే బలమైనది.

లోపలి మెత్తకు స్పంజి వద్దన్నాము. మన ఉక్కపోతకు స్పంజి కొన్నేళ్ళలో జిగురుగా మారి పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి లెన్సుల్లోకి చేరుతుంది. వ్యాయామానికి నేలమీద పరచుకొనే ఫోమ్ చాప, ఒక సెంటీమీటరు మందంది 160కి దొరికింది. అది నీరు పీల్చదు, వేలితో నొక్కితే వెంటనే పైకి వస్తుంది. దానిని కాగితపు కొలతలకు కోసి, ప్రతి ముక్కకు పాత ఫ్లానెల్ గుడ్డతో అస్తరు వేసి, సంచికి కుట్టకుండా విడిగా తీసి పెట్టగల పెట్టెలా చేసింది. సంచి ఉతకవలసి వస్తే ఆ పెట్టె బయటికి వస్తుంది. అస్తరు లేత పసుపు. నల్లటి లెన్సు మూతను నల్లటి సంచిలో వెదకడం ఎంత కష్టమో అబ్బాయికి తెలుసు. తువ్వాలు గుడ్డ, ఉన్ని గుడ్డ అస్తరుకు పనికిరావు, నూగు రాలుతుంది.

మూతకు వెల్‌క్రో పెట్టాలా అన్నప్పుడు మేము గట్టిగా వద్దన్నాము. మా పాత సంచికి అదే ఉండేది. ఒక నికాహ్‌లో ఖాజీసాహెబ్ ఖుత్బా చదువుతుండగా అబ్బాయి బ్యాటరీ మార్చడానికి మూత లాగాడు. ఆ చర్రుమన్న చప్పుడుకు పెళ్ళికుమారుడితో సహా అందరూ తలలు తిప్పారు. ఇప్పుడు మూతకు రెండు పెద్ద టిచ్ బటన్లు. వెల్‌క్రో లోపలి అడ్డుగోడలకు మాత్రం ఉంచాము, వాటిని జరుపుకొనేది ఇంటివద్దనే కదా. మూత బయటినుండి ఒంటివైపుకు తెరుచుకోవడం కాక, ఒంటివైపు నుండి బయటికి తెరుచుకోవాలని అబ్బాయి కోరాడు. అలా అయితే వెనుక నిలబడినవాడి చేయి లోపలికి పోదు. దీనికి సంచిని తిప్పి తగిలించుకుంటే చాలు.

కెమెరా పనిలో ఉన్న మన ఆడపిల్లలు కూడా ఇప్పుడు కొందరున్నారు. వారికి అక్కయ్య చెప్పమన్న మాట ఒకటున్నది. ముతక కాన్వాస్ ఒంటికి తగిలే వైపు బుర్ఖా గుడ్డను రుద్ది పోగులు లేపుతుంది. ఆ వైపున మెత్తని నూలుగుడ్డ ఒక పొర కుట్టుకోవాలి. పట్టీని కొక్కేలు లేకుండా నేరుగా కుట్టుకుంటే దుపట్టా చిక్కుకొనే బాధ కూడా ఉండదు.

వానకు ఏమి చేయాలన్న ప్రశ్న చాలా రోజులు నడిచింది. చలి దేశాలలో కాన్వాస్‌కు మైనం రుద్ది, వేడి తగిలించి పట్టిస్తారు. మేము ఒక ముక్క మీద ప్రయత్నించాము. మే నెల ఎండకు మైనం మెత్తబడి, ధూళిని పట్టుకొని, కుర్తాకు మరకలు చేసింది. ఆ ఆలోచన మానుకొని, ఊచలు విరిగిన పాత గొడుగు గుడ్డను విప్పి, అంచుకు ఎలాస్టిక్ కుట్టించాము. మడిస్తే గుప్పెడంత, సంచి జేబులో ఉంటుంది. వాన వస్తే మూత మీది నుండి తొడిగితే సరిపోతుంది.

వానకంటే ఇంటి చెమ్మ ప్రమాదమని తరువాత తెలిసింది. కృష్ణ ఒడ్డున, కోస్తా గాలిలో, వానాకాలమంతా కెమెరాను సంచిలోనే మూసిపెడితే లెన్సు అద్దం మీద సాలెగూడు వంటి బూజు పాకుతుంది. నూలు కాన్వాస్ చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది. అందుచేత సంచి మోతకే గాని నిలువకు కాదు. ఇంటికి రాగానే కెమెరాను తీసి, గట్టి మూతగల ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, ఖాళీ సంచిని గాలికి వేలాడదీయడం అతని అలవాటు. ఆ పొట్లాలు చిన్నపిల్లలకు అందకూడదు.

ఖర్చు అడుగుతారు గనుక చెబుతున్నాము. సంచి 380, నవారు 75, ఫోమ్ 160, బటన్లు దారం 40, చేతికుట్టు 100. మొత్తం 755. అస్తరు, గొడుగు గుడ్డ ఇంటివే. అక్కయ్య కూలి ఇందులో లేదు. ఆమె రెండు మధ్యాహ్నాలు కూర్చున్నది, ఆ సమయంలో కుట్టవలసిన జాకెట్లు ఆగాయి. ఇంట్లో కుట్టగలవారు లేకపోతే దర్జీకి మరో మూడు నాలుగు వందలు ఇవ్వవలసి రావచ్చు. ఆ తీరిక, ఆ ఓపిక లేనివారు మంచి కొక్కేలు, మంచి కుట్టు చూసుకొని కంపెనీ సంచే కొనడం దుబారా అని మేము ఇక అనము. అబ్బాయి అడిగిన 3,200 సంచిని మొన్న దుకాణంలో చేతిలోకి తీసుకొని చూశాము. దాని ఉంగరాలు అతికినవే, పట్టీ కుట్టు చతురస్రమే. నిరుడు ఆ రోజు అతని మాట విని ఒక్కసారి చూసి ఉండవలసింది.

భుజం సంచికి ఒక హద్దున్నది. అబ్బాయి సామాను రెండున్నర కిలోల లోపు గనుక సరిపోయింది. ఇంకొక కెమెరా, ల్యాప్‌టాప్ చేరితే ఒక్క భుజం మీద మోయరాదు. అప్పుడు వీపు సంచికే మారాలి. ఇప్పటికీ అతను గంటకొకసారి భుజం మారుస్తాడు.

గత వారం అతను ఒక బడి కార్యక్రమం ముగించుకొని, వానలో తడిసి, మగ్రిబ్ వేళకు మా ఇంటికి వచ్చాడు. గొడుగు గుడ్డ తీసి దండెం మీద వేసి, సంచి తెరిచి, పసుపు అస్తరు మీద అరచేయి పెట్టి చూశాడు. పొడిగా ఉన్నది. వెంట వచ్చిన అక్కయ్య మాత్రం గోడకు వేలాడుతున్న మా కితాబుల జోలెను దించి, దాని పట్టీని రెండు వేళ్ళతో లాగి చూస్తున్నది. పాతికేళ్ళుగా మేము గొప్పగా చెప్పుకుంటున్న ఆ జోలెకు కూడా ఒక్క వరుస కుట్టే ఉన్నదట. మిగిలిన నవారు ఇంట్లో ఉన్నదని, శుక్రవారం తెచ్చి ఇమ్మని చెప్పి వెళ్ళింది.